తడి తాడు

హాలెట్స్‌విల్ కోర్టు నేలమాళిగలో
నా ఉద్యోగం, చచ్చిపోయిన కొలతల్ని
బతికున్న అడుగుల్లోకి దించడం.

ముప్పైయారు వరలు వందడుగులు.
వర అంటే స్పెయిన్ దొరల కర్ర.
మెక్సికో దాటి నడిచొచ్చి
టెక్సస్ దస్తావేజుల్లో కూలబడి మళ్ళీ లేవలేదు.
ఐదువేల వరలు ఒక లీగు.
గుర్రం మీద పోతూ ఇన్ని చుట్టలు కాల్చేంత దూరమని
లీగుకి ఇంకో లెక్క కూడా చెబుతారిక్కడ.
చుట్ట పొడవెంతో ఎవరూ చెప్పరు.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.
కూతవేటు దూరం అన్నవాళ్ళ మనవరాలిని.
ఎవరి గొంతుతో కూత అని మేమూ రాసుకోలేదు.
బారెడు పొద్దెక్కిందని
సూర్యుణ్ణి కూడా చేతులు చాపి కొలిచినవాళ్ళం.

మంగళవారం వర్లీన్ క్రెనెక్ వచ్చింది,
ఎనభై ఒకటి, బూట్లనిండా లవాకా ఏటి బురద.
ఆవిడ కంచెకీ కాగితానికీ పొసగడం లేదు.
పక్క పొలం కొన్న హ్యూస్టన్ పళ్ళ డాక్టరు
ఉపగ్రహాన్ని అడిగాడట.
పన్నెండడుగులు ఎక్కువ తిన్నావంది ఉపగ్రహం.

"ఏటి ఒడ్డు పెకాన్ చెట్టు మొదలు
తూర్పుగా ఐదువందల నలభై వరలు,
అక్కడ మెస్కిట్ మేకు."
మీట నొక్కితే పదిహేనువందల అడుగులు,
కత్తిరించినట్టు, గోరంత తేడా లేకుండా.
నేల మీద పదిహేనువందల పన్నెండు.

ఆ పన్నెండడుగుల్లో ఏముందని అడిగాను.
బట్టలారేసే తీగ.
రెండు పీచ్ చెట్లు, ఒకటి కాయదు.
బస్టర్ అనే కుక్క.
కట్టేసి ఉంటుందా అన్నాను.
లేదు, కింద ఉంటుంది అంది.

సాయంత్రం దాకా వెతికితే
అమోస్ టిల్లరీ అనే సర్వేయరు పుస్తకం దొరికింది, 1841.
సిరాలో పడి లేచిన చీమ నడిచినట్టు చేతిరాత.
అంచున ఒక్క ముక్క:
"తెల్లారి మంచు జోరు. తాడు తడి."

పచ్చితోలు తాడు.
తడిస్తే సాగుతుంది, ఎండితే బిగుసుకుంటుంది.
పొద్దున కొలిచిన ముక్క
మధ్యాహ్నం కొలిచిన ముక్క కన్నా పెద్దది,
కాగితం మీద రెండూ ఒకటే.
అంటే నూట ఎనభై ఏళ్ళ కిందటి ఓ ఉదయపు చెమ్మ
ఆవిడ కంచె దగ్గర
పన్నెండడుగుల మేర ఇంకా ఆరలేదు.

తేడాకి కారణం అని ఉన్నచోట "మంచు" అని కొట్టాను.
అంకె మాత్రమే నమోదు చేయమంది యంత్రం.

చీరాల బస్టాండులో సుబ్బాయమ్మ దగ్గర
నేను పూలు కొనేదాన్ని కాదు.
ఆమె చెయ్యి పొట్టి.
పక్కనే కోటేశ్వరి చెయ్యి తాటిపట్టె,
మూర అడిగితే జడ చుట్టి మిగిలేది.
సుబ్బాయమ్మ మోసం చేస్తుందనే అనుకున్నాను, పెళ్ళయ్యేదాకా కూడా.
ఈ నేలమాళిగలో, ట్యూబులైటు కింద
ఇప్పుడు తట్టింది:
ఆమె మూర అదే.
ఆమె మూరతో ఆమెను కొలిస్తే
ఆమె కూడా నిండా మూడున్నర మూరల మనిషే.

చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.
అంకెకీ చెట్టుకీ తగువొస్తే
చెట్టు మాటే చెల్లుబాటు.
పెకాన్ మోడు ఇంకా ఉంది.
మేకు పాతిన గుంటలో, గునపంతో తవ్వితే,
కాఫీపొడిలాంటి నల్లటి చెక్కపొట్టు.
సంతకం జడ్జిగారిది, నాది కాదు,
కానీ ఆయనకి తాడు సంగతి విడిగా రాసిచ్చాను.

శుక్రవారం వర్లీన్ మళ్ళీ వచ్చింది.
పన్నెండడుగులు పాతలెక్కలో ఎన్ని అంది.
నాలుగు వరలు, పైన మూడోవంతుకి పిసరు తక్కువ అన్నాను.
ఊరుకోకుండా, మా భాషలో ఒక్క దీర్ఘం చేరిస్తే
అవి దేవుడిచ్చే వరాలు, అని కూడా అన్నాను.

ఆవిడ బూటు కొసతో నేల గీకుతూ
చాలాసేపు ఆలోచించింది.
"నాలుగు సరే.
ఆ పిసరులో పడేది
కాయని చెట్టే అయ్యుంటుంది," అంది.